‘వాంటెడ్’ అట్ట వెనుక: కంట్రీ సంగీతంలో తిరుగుబాటు అమ్ముడైన తీరు

ఆర్‌సీఏ అనే రికార్డుల సంస్థ 1976 జనవరిలో విడుదల చేసిన ‘వాంటెడ్! ది ఔట్‌లాస్’ (‘కావలెను! బందిపోట్లు’ అన్నట్టు) అనే ఎల్పీ అమెరికాలోని పాత రికార్డుల దుకాణాలలో ఇప్పటికీ సులువుగానే దొరుకుతుంది. అట్ట మీద రంగు వెలిసిన కాగితం, పాతకాలపు లావుపాటి అక్షరాలు, బందిపోట్లను పట్టిచ్చినవారికి బహుమానం ప్రకటించే గోడపత్రిక తరహాలో గాయకులు వేలన్ జెన్నింగ్స్, విల్లీ నెల్సన్, జెస్సీ కోల్టర్, టాంపాల్ గ్లేజర్‌ల ఫొటోలు కనిపిస్తాయి. అమెరికా పల్లెపాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతంలో తిరుగుబాటు అనగానే రికార్డులు సేకరించే వారికి మొదట గుర్తుకు వచ్చే బొమ్మ ఇదే. అయితే ఆ తిరుగుబాటు ఈ అట్టకు కనీసం నాలుగేళ్ల ముందే మొదలైంది, దానికి తుపాకులతోనూ గుర్రాలతోనూ సంబంధం లేదు. అది స్టూడియోలో ఎవరి మాట చెల్లాలన్న తగాదా.

1950ల చివరి నుంచి, కంట్రీ రికార్డులకు కేంద్రమైన నాష్‌విల్ నగరంలో చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు కంట్రీ పాటకు ఒక కొత్త నగిషీ పెట్టారు. పల్లెటూరి ఫిడేలు స్థానంలోకి వయొలిన్ల బృందమూ, గాయకుడి వెనుక మెత్తటి కోరస్సూ వచ్చాయి. రాక్ అండ్ రోల్ ధాటికి పడిపోతున్న అమ్మకాలను ఈ పద్ధతి నిలబెట్టిన మాట నిజం, అందులో గొప్ప పాటలు పుట్టిన మాటా నిజమే. కానీ పాటను ఎంచుకునేది నిర్మాత, వాయించేది స్టూడియోకు అలవాటైన వాద్యకారులు కావడంతో, గాయకుడు వచ్చి తన వంతు పాడి వెళ్లిపోవలసిందే. ఊరూరా తనతో తిరిగి వాయించే సొంత బృందాన్ని అతడు రికార్డింగుకు తెచ్చుకోవడం అరుదు. పైగా ఇంజినీర్ల యూనియన్‌తో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆర్‌సీఏ గాయకులు ఆర్‌సీఏ స్టూడియోలోనే, ఆ సంస్థ ఇంజినీర్లతోనే రికార్డు చేయాలి.

1965 నుంచి ఆర్‌సీఏలో ఉన్న వేలన్ జెన్నింగ్స్‌కు ఈ కట్టుబాట్లు ఊపిరి సలపనివ్వలేదు. 1972లో న్యూయార్క్‌కు చెందిన నీల్ రెషెన్ అతనికి మేనేజరుగా వచ్చి సంస్థతో ఒప్పందాన్ని తిరగరాయించాడు. పాటల ఎంపిక, వాద్యకారుల ఎంపిక, రికార్డింగు తీరు గాయకుడి చేతికి వచ్చాయి. దాని ఫలితమే 1973 నాటి ‘హాంకీ టాంక్ హీరోస్’. అప్పటికి పేరు రాని యువ రచయిత బిల్లీ జో షేవర్ పాటలతో దాదాపు రికార్డంతా నింపడం అప్పటి నాష్‌విల్ లెక్కల ప్రకారం సాహసం. ఆ తరువాతి రికార్డును వేలన్ ఆర్‌సీఏ గోడలు దాటి, 19వ అవెన్యూ సౌత్‌లో ఉన్న గ్లేజర్ సోదరుల స్టూడియోలో చేశాడు. ‘హిల్‌బిల్లీ సెంట్రల్’ అని పిలుచుకునే ఆ చోట ప్రచార బాధ్యతలు చూసిన హేజెల్ స్మిత్, ఈ గుంపుకు ‘ఔట్‌లా’ అన్న పేరును ప్రచారంలో పెట్టింది. అంటే సంస్థ ఈ పేరును పోస్టరుగా మార్చకముందే అది ఆ స్టూడియో వరండాల్లో తిరుగుతూ ఉంది.

విల్లీ నెల్సన్ దారి వేరు. 1970 డిసెంబరులో నాష్‌విల్ దగ్గరలోని తన ఇల్లు కాలిపోయాక అతడు టెక్సస్‌కు వెళ్లి, చివరకు ఆస్టిన్‌లో స్థిరపడ్డాడు. అక్కడ ‘ఆర్మడిల్లో వరల్డ్ హెడ్‌క్వార్టర్స్’ వేదిక ముందు జుట్టు పెంచుకున్న విద్యార్థులూ, కౌబాయ్ టోపీల పశుపాలకులూ ఒకే పాటకు చప్పట్లు కొట్టారు. 1975లో కొలంబియా అనే మరో రికార్డుల సంస్థ కోసం టెక్సస్‌లోని గార్లండ్ పట్టణంలో అతి తక్కువ వాద్యాలతో, అతి తక్కువ ఖర్చుతో అతడు చేసిన ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ను విన్న సంస్థ పెద్దలు అది ఇంకా పూర్తికాని నమూనా అనుకున్నారు. ఒప్పందంలో చివరి మాట విల్లీదే కాబట్టి అది అలాగే విడుదలై ఘనవిజయం సాధించింది.

ఆ విజయాన్ని ఆర్‌సీఏ నాష్‌విల్ కార్యాలయంలో జెర్రీ బ్రాడ్లీ జాగ్రత్తగా గమనించాడు. ఆయన పైన చెప్పిన ఓవెన్ బ్రాడ్లీ కుమారుడే. విల్లీ తమ సంస్థను వదిలి వెళ్లినా, అతని పాత టేపులు తమ బీరువాలోనే ఉన్నాయి. వేలన్ తమ దగ్గరే ఉన్నాడు. వేలన్ భార్య జెస్సీ కోల్టర్ పాట ఒకటి 1975లో పెద్ద హిట్టయింది. వీరికి టాంపాల్‌ను కలిపి, అప్పటికే ఉన్న రికార్డింగుల నుంచే ‘వాంటెడ్’ను కూర్చారు. అందులోని విల్లీ పాటలు 1971 నాటివి. వేలన్, విల్లీ కలిసి వేదిక మీద పాడుతున్నట్టు వినిపించే ‘గుడ్ హార్టెడ్ ఉమన్’ కూడా వేలన్ పాత రికార్డింగుకు తరువాత విల్లీ గొంతును జతచేసినదే. అట్ట మీది వ్యాసాన్ని ‘రోలింగ్ స్టోన్’ పత్రికకు చెందిన చెట్ ఫ్లిప్పో చేత రాయించడంలోనూ ఒక ఆలోచన కనిపిస్తుంది. అంతవరకు కంట్రీ రికార్డు కొనని, రాక్ సంగీతం వినే యువతను ఉద్దేశించిన సరుకు ఇది.

గురి తప్పలేదు. రికార్డు పాప్ జాబితాలోనూ 10వ స్థానానికి చేరి, అదే ఏడాది నవంబరులో ప్లాటినం గుర్తింపు పొందిన తొలి కంట్రీ ఎల్పీ అయింది. పది లక్షల ప్రతులకు ఇచ్చే ఆ గుర్తింపును అమెరికా రికార్డుల పరిశ్రమ సంఘం ప్రవేశపెట్టింది కూడా 1976లోనే. ‘తొలి’ అన్న మాటను నేటి ప్రకటనలలో చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిరుగుబాటు అన్నది ఇలా ఒట్టి అమ్మకపు ఎత్తుగడే అని తేల్చేసేవారితో నేను ఏకీభవించను. ఒప్పందంలో గెలుచుకున్న హక్కులు నిజమైనవి, వాటి వల్ల సంగీతం మారడమూ నిజమే. సంస్థ చేసిందల్లా ఆ హక్కుల పోరును పక్కకు నెట్టి, దాని స్థానంలో బందిపోటు వేషాన్ని నిలబెట్టడం. ఆ వేషం బరువు మోయవలసి వచ్చింది గాయకులే. 1977లో కొకైన్ కేసులో ఫెడరల్ అధికారులు వేలన్‌ను అరెస్టు చేశారు. ఆ కేసు నిలవలేదు గానీ, ఈ ఔట్‌లా వ్యవహారం శ్రుతిమించిందని మరుసటి ఏడాది అతడే ఒక పాటలో సూటిగా చెప్పాడు.

రికార్డులు సేకరించేవారికి ఈ చరిత్ర చేతికి తగిలే రూపంలోనే ఉంటుంది. ‘వాంటెడ్’ తొలి ముద్రణలకు లేత గోధుమ రంగు లేబుల్ ఉంటుంది. ఆ ఏడాది చివరికల్లా ఆర్‌సీఏ నల్ల లేబుల్‌కు మారి, గ్రామఫోను ముందు కూర్చున్న నిప్పర్ కుక్క బొమ్మను మళ్లీ వేయసాగింది. హెచ్‌ఎంవీ రికార్డుల మీద తెలుగు ఇళ్లు చూసిన కుక్క కూడా అదే. 1970ల తొలి ఏళ్ల ఆర్‌సీఏ రికార్డులు చాలావరకు ‘డైనాఫ్లెక్స్’ అనే పలుచని రకం, చేత్తో పట్టుకుంటే వంగుతాయి. లక్షల ప్రతులు అచ్చయిన ‘వాంటెడ్’ గోధుమ రంగు లేబుల్‌తో దొరికినా అరుదైనదేమీ కాదు.

2008లో రికార్డుల దుకాణాలు ఏటా జరుపుకునే ‘రికార్డ్ స్టోర్ డే’ మొదలై, 2020లో అమెరికాలో ఎల్పీల ఆదాయం 1980ల తరువాత మొదటిసారి సీడీల ఆదాయాన్ని దాటాక, ఈ సంగీతం కొత్త ముద్రణలతో మళ్లీ అంగడికెక్కింది. కొత్త గాయకులకూ అదే ‘ఔట్‌లా’ ముద్ర వేసి అమ్ముతున్నారు. అటువంటి రికార్డు కొనేటప్పుడు ముందు అట్ట మీది టోపీని, గడ్డాన్ని చూసి ఆగిపోకుండా వెనక్కి తిప్పి చూడాలి. నిర్మాతగా ఎవరి పేరుందో, వాయించినది గాయకుడి సొంత బృందమో కాదో, ఏ స్టూడియోలో చేశారో అక్కడ చిన్న అక్షరాలలో ఉంటుంది. 1972 నుంచి వేలన్ పోరాడింది ఇటువంటి విషయాల కోసమే.