మంచినీళ్లు కూడా వద్దన్న మాట ఎక్కడ మొదలైంది?

"రాత్రి పన్నెండు దాటాక ఏమీ తీసుకోవద్దు. మంచినీళ్లు కూడా." ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డులో సిస్టర్ చెప్పే ఈ మాట వినని ఇల్లు మన దగ్గర తక్కువ. మా అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి ఆపరేషన్ చేసినప్పుడూ ఇదే చెప్పారు. మంచం దగ్గర ఎన్‌బీఎం అని రాసిన అట్ట తగిలించారు. నోటితో ఏమీ ఇవ్వొద్దని దానర్థం. పొద్దున ఎనిమిదికి అన్నది పదిన్నర అన్నారు, ఆ తర్వాత భోజనాల వేళ కూడా దాటిపోయింది. తడి దూదితో అమ్మ పెదాలు తుడుస్తూ కూర్చున్నాను. నాలుక అంగిలికి అతుక్కుపోయి ఆవిడకు మాట సరిగా రావడం లేదు. ఒక్క గుక్క ఇవ్వనా అని అడిగితే సిస్టర్ కంగారుపడిపోయింది. ఆవిడను తప్పుపట్టను. ఆ కంగారు వెనక చాలా పాత భయం ఉంది, అది ఉత్తుత్తి భయమూ కాదు.

మామూలుగా మెతుకు అడ్డం పడితే పొలమారుతుంది. దగ్గుతాం, ఇంట్లోవాళ్లు నెత్తిమీద తట్టి ఎవరో తలుచుకుంటున్నారంటారు. మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్నితే ఏ అడ్డూ లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అన్నమైతే ఊపిరి ఆడదు, కడుపులోని ఆమ్లమైతే ఊపిరితిత్తులు లోపల కాలినట్టు అయిపోతాయి.

1846 అక్టోబర్‌లో బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందు ఇచ్చి అందరి ముందూ ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడాది నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు మత్తుకు క్లోరోఫాం తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోబోయి చనిపోయింది. క్లోరోఫాం పీల్చగానే ముఖం పాలిపోతే, తేరుకుంటుందని నోట్లో నీళ్లూ బ్రాందీ పోశారు. శవపరీక్ష చేసినవాళ్లు క్లోరోఫాందే తప్పన్నారు. సింప్సన్ ఒప్పుకోలేదు, నోట్లో పోసినవే ఆ పిల్లకు ఊపిరాడకుండా చేశాయన్నాడు. ఎవరు రైటో ఇప్పటికీ తేలలేదు.

క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్న తగాదా నలభై ఏళ్ల తర్వాత మన హైదరాబాద్‌కీ వచ్చింది. నిజాం డబ్బిస్తే, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పూనుకుని 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిపాడు. కుక్కల మీద, కోతుల మీద వందలకొద్దీ ప్రయోగాలు జరిగాయి. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు ప్రమాదం లేదని తేల్చారు. గుండె కూడా ఆగుతుందని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. ఉస్మానియా ఆసుపత్రి కన్నా ముందున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పేరు మత్తు వైద్య చరిత్రలో ఇలా నిలిచిపోయింది.

అన్నమూ నీళ్లూ ఒకటి కావని ఆ కాలం డాక్టర్లకు తెలుసు. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇదే. క్రిములు చంపే మందులతో ఆపరేషన్ చేయడం నేర్పిన జోసెఫ్ లిస్టరే 1883లో రాశాడు: క్లోరోఫాం ఇచ్చేటప్పుడు కడుపులో గట్టి పదార్థం ఉండకూడదు, కానీ రెండు గంటల ముందు ఒక కప్పు టీనో, మాంసం ఉడికించిన రసమో ఇస్తే చాలా మంచిది. రెండు గంటలు! ఇప్పుడు గైడ్‌లైన్స్‌లో ఉన్న అంకె కూడా అదే.

మరి నీళ్లు ఎప్పుడు నిషేధమయ్యాయి? 1946లో న్యూయార్క్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల లెక్కలు తీశాడు. 66 మందిలో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఇద్దరు చనిపోయారు, ఆ ఇద్దరికీ అడ్డం పడింది తిన్న ఆహారమే. ఆమ్లం వెళ్లినవాళ్లు బతికారు. అయితే ఆమ్లం ఎంత హాని చేస్తుందో ఆయన కుందేళ్ల మీద చూపించాడు, నొప్పులు పడే తల్లికి నోటితో ఏమీ ఇవ్వొద్దని సలహా ఇచ్చాడు. శ్వాసనాళంలో గొట్టం వేయకుండా ముఖానికి మాస్కు పెట్టి మత్తు ఇచ్చే రోజులవి. ఆ సలహా కాన్పుల గది దాటి అన్ని ఆపరేషన్లకూ పాకింది. 1974లో దీనికి ఇంకో అంకె తోడైంది: కడుపులో 25 మిల్లీలీటర్లకు మించి ఆమ్లం ఉంటే ప్రమాదమని. ఎన్నో ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో తిరిగిన ఆ అంకెకు ఆధారం ఒకే ఒక్క కోతి.

వార్డుకు కూడా ఈ రూలు సుఖంగానే ఉంది. రేపు ఎవరి కేసు ముందో, ఎవరిది వెనకో రాత్రికి తెలియదు. అందరికీ పన్నెండు అంటే లెక్క తేలిక.

1986లో కెనడాలోని కాల్గరీలో మాల్ట్‌బీ అనే మత్తు డాక్టర్ బృందం ఆపరేషన్‌కు రెండు మూడు గంటల ముందు కొంతమందికి 150 మిల్లీలీటర్ల నీళ్లు ఇచ్చి, మత్తిచ్చాక కడుపులో ఎంతుందో కొలిచింది. తాగినవాళ్ల కడుపులో మిగిలింది, తాగనివాళ్ల కంటే తక్కువ! పస్తున్నంత మాత్రాన కడుపు ఎండిపోదు. జీర్ణరసం ఊరుతూనే ఉంటుంది, మింగిన ఉమ్మి చేరుతూనే ఉంటుంది. తాగిన నీళ్లలో సగం ఇరవై నిమిషాల్లోపే కడుపు దాటిపోతాయి. 1993లో అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రి రెండు లక్షలకు పైగా మత్తు కేసుల లెక్క ఇచ్చింది. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది దాదాపు 3,200 మందిలో ఒకరికి.

1999లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం గైడ్‌లైన్స్ ఇచ్చింది. మంచినీళ్లలాంటి తేటద్రవాలు రెండు గంటల ముందు దాకా, తల్లిపాలు నాలుగు గంటలు, తేలికపాటి తిండి ఆరు, నూనె వంటకాలు, మాంసం ఎనిమిది. మన ఇళ్లలో తికమక ఎక్కడంటే, టీ. డికాక్షన్ తేటద్రవమే. సగం పాలు పోసి మరిగించే మన టీ మాత్రం కడుపులోకి వెళ్లాక పెరుగులా గడ్డకడుతుంది, కాబట్టి దాన్ని తల్లిపాల లెక్కలో కాదు, తేలికపాటి తిండి లెక్కలోనే వేసుకోవాలి. రాగిజావ, మజ్జిగ కూడా తేటద్రవాలు కావు.

పిల్లల విషయంలో ఇంకా ముందుకెళ్లారు. 2018లో బ్రిటన్, ఫ్రాన్స్, యూరప్ పిల్లల మత్తు వైద్య సంఘాలు కలిసి, తేటద్రవాలకు ఒక గంట చాలన్నాయి. బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు పెద్దవాళ్లను కూడా థియేటర్ నుంచి పిలుపు వచ్చేదాకా కొద్దికొద్దిగా నీళ్లు తాగనిస్తున్నాయి. గంటలకొద్దీ దప్పికతో ఉన్న ముసలివాళ్లకు మత్తివ్వగానే బీపీ పడిపోవచ్చు, షుగర్ మందులు వాడేవాళ్లకు షుగర్ పడిపోవచ్చు. ఆకలికి గుక్కపెట్టి ఏడ్చే పసివాడిని ఎత్తుకుని థియేటర్ తలుపు దగ్గర నిలబడ్డ తల్లికి ఇదంతా చెప్పక్కర్లేదు.

అయితే రెండు గంటల లెక్క అందరికీ పనికిరాదు. ఎముక విరిగి నొప్పితో వచ్చినవాళ్లకు కడుపు కదలిక మందగిస్తుంది. పేగు మూసుకుపోయినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరే. ఇప్పుడు వీళ్లకు, షుగర్‌కూ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదులు వేసుకునేవాళ్లు తోడయ్యారు. ఈ మందులు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. వారానికోసారి వేసుకునే సూదిని ఆపరేషన్‌కు వారం ముందు ఆపమని 2023లో అమెరికా సంఘం చెప్పింది. 2024లో ఇతర సంఘాలతో కలిసి, చాలామంది ఆపక్కర్లేదని, ప్రమాదం ఎక్కువున్నవాళ్లు ముందు రోజంతా ద్రవాహారం మీద ఉంటే మేలని మార్చింది. అనుమానం ఉంటే కడుపు మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూసే పద్ధతి వచ్చింది. బరువు తగ్గడానికి ఈ సూది వాడుతున్న సంగతి మొహమాటపడి దాచేవాళ్లున్నారు. మత్తు డాక్టర్‌కు అది తప్పకుండా చెప్పాలి. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో కూడా ఆ డాక్టర్‌నే అడగాలి, ఎందుకంటే మన కేసు చూసి చెప్పగలిగేది ఆయనే.

మా అమ్మకు షుగర్ లేదు, ఆ సూదులూ లేవు. ఆవిడను లోపలికి తీసుకెళ్లింది మధ్యాహ్నం మూడున్నరకు. గైడ్‌లైన్స్ ప్రకారమైతే ఒకటిన్నర దాకా నీళ్లు తాగొచ్చు. వాయిదా పడ్డ సంగతి థియేటర్ నుంచి వార్డుకు ఎవరైనా ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఆ తడి దూది అవసరం పడేది కాదు.