ఇద్దరిలో ఒకరిని అబ్బాయిని చేస్తే వేస్తారట

గుంటూరులో ఉండే నా స్నేహితురాలు మూడేళ్ళు కూర్చుని ఇద్దరమ్మాయిల ప్రేమ మీద రాసిన నవలని ఒక ప్రచురణకర్త తిప్పి పంపారు. విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపు ముందు నిలబడి నాకు ఆ సంగతి చెప్పింది. "బాగుందమ్మా, ఆపకుండా చదివించింది. ఇద్దరమ్మాయిల్లో ఒకరిని అబ్బాయిని చేసి తీసుకురా, వెంటనే వేసేద్దాం" అన్నారట. తను మార్చలేదు. మార్చకపోవడమే సరైనదని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

ముందు కథ. మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు. రేటు లేక రైతులు దాచుకునే టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి, ఒకమ్మాయి బాండ్లు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదులు) రాస్తుంది, ఇంకొకమ్మాయి లెక్కలు చూస్తుంది. సీజన్‌లో రాత్రి పదింటి దాకా లారీలు దిగుతూనే ఉంటాయి. ఘాటుకి తుమ్ముకుంటూ, ఒకరి ఫ్లాస్కులో టీ ఒకరు తాగుతూ ఇద్దరూ దగ్గరవుతారు. ఒకరోజు ఓనరు బాండ్లు రాసే అమ్మాయిని పిలిచి, "మా మేనల్లుడికి ఆ అకౌంట్స్ అమ్మాయిని అడుగుదామనుకుంటున్నాం. నువ్వు చెబితే వింటుంది" అంటాడు. తను ప్రేమించిన మనిషి దగ్గరికే వేరేవాళ్ళ సంబంధం మోసుకెళ్ళాలి.

నలదమయంతుల కథ చెప్పే నైషధం తెలిసినవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. దమయంతి స్వయంవరానికి బయల్దేరిన నలుణ్ణి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు దారిలో ఆపి తమ తరఫున దూతగా వెళ్ళమంటారు. ఎవరికీ కనపడకుండా అంతఃపురంలోకి వెళ్ళే వరం కూడా ఇస్తారు. తన మాట లోపలే దాచుకుని, దేవతల మాట వినిపించడానికి ఆమె ముందు నిలబడతాడు నలుడు. ఆఫీసులో ప్రేమని దాచుకుని బతికే మనిషికి ఇంతకంటే దగ్గరి కథ నాకు తోచదు. స్వయంవరంలో ఒకే రూపంలో అయిదుగురు నలులు కూర్చుంటే అసలు మనిషిని దమయంతి పోల్చుకుంటుంది కదా, ఆ ఘట్టం నవలలో పెళ్ళిచూపుల రోజుగా మారింది. ఆ అధ్యాయం చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"బృహన్నల ఉందిగా, విరాటపర్వం తీసుకోవాల్సింది" అన్నాను. తను ఒప్పుకోలేదు. పాండవుల అజ్ఞాతవాసానికి ఏడాది గడువుంది, ఈ అమ్మాయిల అజ్ఞాతవాసానికి గడువేదీ అని అడిగింది.

పాత కావ్యాన్ని తిరగరాయడం మనకి కొత్త కాదు, అందులోనూ గుంటూరు వైపు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు పదిహేనో శతాబ్దంలో పేరు మోసిన కవి. ఆయన శృంగార నైషధమే శ్రీహర్షుడి సంస్కృత కావ్యానికి తెలుగు రూపం. దాన్ని చూసి పండితులు "నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్" అన్నారని చెప్పుకుంటారు. డుమువులంటే సంస్కృత మాటల చివర చేర్చే డు, ము, వు, లు. అంటే తిరగరాసినవాడికి ఆనాడే మాట పడింది. 1878లో వీరేశలింగం రాసిన రాజశేఖర చరిత్రము వెనక గోల్డ్‌స్మిత్ ఇంగ్లిష్ నవల ఉంది. తెలుగు నవల నడక నేర్చుకున్నదే ఒక పాత కథ వేలు పట్టుకుని.

కాబట్టి ప్రచురణకర్త జంకు తిరగరాయడం గురించి కాదు. ఇద్దరూ ఆడవాళ్ళు కావడం గురించి.

ఆ జంకుకి పుట్టిన తేదీ ఉంది. 1860లో ఇంగ్లిష్ ప్రభుత్వం తెచ్చిన శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాల్ని నేరం చేసిన 377వ సెక్షన్ "ప్రకృతి విరుద్ధం" అన్న మాటని మనకి అంటగట్టింది, యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. అదే ప్రభుత్వం, కవయిత్రి ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే అశ్లీలమని నిషేధించింది. స్త్రీ కోరిక గురించి ఒక స్త్రీ రాసిన కావ్యం అది. ప్రకాశం పంతులు గారు మద్రాసులో పదవిలోకి వచ్చాక గానీ ఆ నిషేధం తొలగలేదు. సెక్షన్ మాత్రం మిగిలింది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సడలించింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య ప్రేమ నేరం కాదంది. ఇన్నేళ్ళలో మన వాడుకలోకి వచ్చిన మాట ఏమిటంటే "తేడా". వాడు తేడా, అది తేడా. సినిమా కామెడీలో విని అందరూ నవ్విన మాట. ఆ నవ్వు వింటూ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ఇంటికెళ్ళి ఏం రాస్తారు?

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకి గుర్తింపు ఇవ్వలేదు. తర్వాతి ఏడాది డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఒకరిని తండ్రి తీసుకెళ్ళి ఇంట్లో ఉంచేస్తే రెండో అమ్మాయి, నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెప్పించమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. ఎవరితో బతకాలో నిర్ణయించుకునే హక్కు పెద్దయిన ఆ అమ్మాయిదేనని కోర్టు చెప్పింది. గుంటూరుకీ విజయవాడకీ మధ్య, నేలపాడులో వచ్చిన తీర్పు. నా స్నేహితురాలు ఆ వార్త కత్తిరించి రాతప్రతిలో పెట్టుకుంది.

కానీ ఉద్యోగం సంగతి వేరు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై ఉద్యోగాల్లో వివక్ష కూడదని 2019 చట్టం చెబుతుంది. ప్రైవేటు ఆఫీసులో పనిచేసే ఇద్దరమ్మాయిలు ప్రేమించుకున్నారని తీసేస్తే అడ్డుపడే ప్రత్యేక చట్టమేదీ లేదు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఇలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డులేదని స్పష్టం చేసింది. అది బ్యాంకు వరకే. పీఎఫ్‌లో కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబ సభ్యుల పేరే రాయాలి, ఆ కుటుంబం లెక్కలో ప్రేమించిన మనిషి రాదు.

నవల చివరి అధ్యాయం ఆ పీఎఫ్ నామినీ ఫారం దగ్గరే ఉంటుంది. బాండ్లు రాసే అమ్మాయి నామినీ పేరు దగ్గర అకౌంట్స్ అమ్మాయి పేరు రాస్తుంది. పక్క గడిలో "సంబంధం" అని ఉంటుంది. ఓనరు మేనల్లుడి కోసం తను మోసుకెళ్ళిన మాట కూడా అదే. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, "స్నేహితురాలు" అని రాసి ఇస్తుంది. క్లర్కు చూసి, ఇది చెల్లదమ్మా అని ఫారం వెనక్కి ఇస్తాడు. తను ఇంకో ఫారం అడుగుతుంది.