పొద్దు ఎందుకు కదల్లేదు?

మా మేనల్లుడు ఏడో తరగతి. సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో పొలం వేశాం. ఒక పక్క నీళ్లు పెట్టి గోధుమ విత్తాం. రెండో పక్క దున్ని వదిలేశాం, కాలవ మర్నాడు తవ్వుదామని. ‘ఇది పండేదాకా కూర్చోలేను మామయ్యా’ అంటూ వాడు ‘రాండమ్ టిక్ స్పీడ్’ అనే సెట్టింగ్ తెరిచాడు. మేం ఆడే ‘జావా ఎడిషన్’ రకంలో మామూలుగా అది 3. వాడు 3000 చేశాడు.

కొన్ని సెకన్లలో కంకులు పండిపోయాయి. వాడు సంతోషంగా పక్కకి తిరిగేసరికి, దున్ని వదిలేసిన సగం చేను మళ్లీ మామూలు మట్టి అయిపోయి ఉంది. సూర్యుడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. కొలిమిలో వేసిన ఇనుప ఖనిజం ఇంకా కరగనే లేదు.

‘ఆట స్పీడ్ పెంచాను కదా, మరి పొద్దు ఎందుకు కదల్లేదు?’ అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అది. వాడికి జవాబు చెప్పడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది.

మైన్‌క్రాఫ్ట్ లోకంలో కాలం మన నదిలా పారదు, మెట్లు దిగుతుంది. ఒక్కో మెట్టు పేరు టిక్. సెకనుకి 20 టిక్‌లు, అంటే ఒక్కోటి 50 మిల్లీసెకన్లు. ప్రతి టిక్‌లో కంప్యూటర్ మీ చుట్టూ ఉన్న లోకాన్ని ఒకసారి చూసి వస్తుంది: ఏ గొర్రె ఎటు నడవాలి, జారే ఇసుక ఎంత పడాలి, కొలిమి ఎంత మండాలి. ఖనిజం ఒకటి కరగడానికి 200 టిక్‌లు, అంటే 10 సెకన్లు. ఒక పగలూ రాత్రీ కలిపి 24,000 టిక్‌లు, అంటే 20 నిమిషాలు. మన పంచాంగం లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు. ఆ లోకంలో ఒక రోజు మన ఘడియ కూడా నిండదు!

తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లో, అంతకంటే ఎక్కువో మారుతుంది కాబట్టి ఈ మెట్లు మనకి కనిపించవు. రెండు టిక్‌ల మధ్య గొర్రె ఎక్కడుండాలో ఊహించి గీసి కదలిక నున్నగా ఉన్నట్టు చూపిస్తారు.

ఇక పంట సంగతి. ప్రతి టిక్‌లో ప్రతి మొక్కనీ పలకరించాలంటే కంప్యూటర్‌కి తలకి మించిన పని. అందుకని లోకాన్ని 16 × 16 × 16 గళ్ల ముక్కలుగా, అంటే ఒక్కోదానిలో 4,096 గళ్లు ఉండేలా విభజించి, ఒక్కో ముక్కలో టిక్‌కి 3 గళ్లని చీటీ తీసినట్టు ఎంచుకుంటారు. చీటీ తగిలిన గడిలో మొలక ఉంటే ఎదిగే అవకాశం వస్తుంది. దున్ని వదిలేసిన తడిలేని నేల ఉంటే ఇంకాస్త ఎండుతుంది. పచ్చగడ్డి ఉంటే పక్క మట్టికి పాకుతుంది. ఒక గడికి చీటీ సగటున 68 సెకన్లకి ఒకసారి తగులుతుంది. మావాడు 3ని 3000 చేసేసరికి ఒక్కో గడికీ సెకనుకి దాదాపు 15 సార్లు తగలడం మొదలైంది. గోధుమ పండినంత తొందరగానే ఎండిన దుక్కీ మట్టయింది.

టిక్‌ల వేగం మాత్రం మారలేదు. సూర్యుడికీ, కొలిమికీ చీటీలతో పని లేదు, అవి టిక్‌లని లెక్కపెట్టుకుంటాయంతే. వాడు పెంచింది కాలాన్ని కాదు, కాలంలో జరిగే ఒక్క పనిని.

కాలాన్నే పెంచే మీట కూడా ఉంది. జావా ఎడిషన్‌లో 2023 చివర్లో వచ్చిన 1.20.3 వెర్షన్‌తో ‘టిక్’ అనే కమాండ్ ఇచ్చారు. దాంతో సెకనుకి 20 టిక్‌లని 40 చేయవచ్చు, 5కి తగ్గించవచ్చు, లోకాన్ని నిలిపేయవచ్చు, లేదంటే ‘స్ప్రింట్’ అని చెప్పి కంప్యూటర్‌కి చేతనైనంత వేగంగా పరుగెత్తించవచ్చు. ఇక్కడ పొద్దూ, పంటా, కొలిమీ అన్నీ కలిసే కదులుతాయి. ఒక్కో టిక్‌లో జరిగే పని మాత్రం మారదు.

ఆ చివరి మాట నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. వేగం పెంచడానికి ఇంకో దారి ఉంది కదా, టిక్‌లు అన్నే ఉంచి ఒక్కో టిక్‌లో రెట్టింపు కాలం జరిపేస్తే పోదా? పోదు. వాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. గడిచే ప్రతి సెకనులో తన వేగాన్ని సెకనుకి 10 మీటర్ల చొప్పున పెంచుకునే రాయి, నిలకడ నుంచి వదిలితే ఒక సెకనులో నిజంగా 5 మీటర్లు పడుతుంది. ప్రతి మెట్టులో ముందు వేగం పెంచి, ఆ వేగంతో జరిపే పద్ధతిలో, సెకనంతా ఒకే మెట్టుగా వేస్తే 10 మీటర్లు వస్తుంది. రెండు మెట్లు వేస్తే 7.5. ఇరవై మెట్లు వేస్తే 5.25. మెట్టు చిన్నదయ్యేకొద్దీ లెక్క నిజానికి దగ్గరవుతుంది. పెద్దది చేస్తే రాయి తప్పుచోట పడుతుంది, కొన్నిసార్లు నేలని దాటి అవతలే తేలుతుంది.

తుపాను ఎటు వెళ్తుందో లెక్కగట్టే కంప్యూటర్లూ ఇలా మెట్లు మెట్లుగానే నడుస్తాయి. కాలంలో వేసే అడుగు, స్థలంలో వేసిన గడికి తగ్గట్టు చిన్నదిగా లేకపోతే ఇలాంటి లెక్క అదుపు తప్పుతుందని కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లోనే చూపించారు. పొడవూ వెడల్పూ సగం చేసి సన్నటి గళ్లు గీస్తే గళ్లు 4 రెట్లవుతాయి, అడుగులు 2 రెట్లు వేయాలి. మొత్తం పని 8 రెట్లు.

కంప్యూటర్‌కి 50 మిల్లీసెకన్లలో టిక్ పని పూర్తికాకపోతే? లోకం నెమ్మదిస్తుంది. వందల కోళ్లని ఒకేచోట పెంచిన సర్వర్‌లో ఆడినవాళ్లకి ఇది అనుభవమే. టిక్‌లు సెకనుకి 10కి పడిపోతే రోజు 40 నిమిషాలవుతుంది. ఒక పాత ఆటలో దీనికి తలకిందులుగా జరిగేది. 1978లో టోమోహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్‌వేడర్స్‌లో శత్రువులు చచ్చేకొద్దీ ప్రాసెసర్‌కి గీసే పని తగ్గి, మిగిలినవాళ్లు వేగంగా కదిలేవారు. ఆయన దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు, ఆటలో టెన్షన్ అక్కడి నుంచే పుట్టింది.

అందరూ వేగం పెంచడానికే ఈ మీటల దగ్గరికి వెళ్తారు. నాకైతే ఆపేసే మీటే అన్నిటికంటే విలువైంది. మర్నాడు మావాడు ఒక రాయిని రెండు గళ్లు ముందుకి తోసే యంత్రం కట్టాడు. ఒక పిస్టన్ వెనక ఇంకో పిస్టన్ (పిస్టన్ అంటే తీగ మీదుగా సిగ్నల్ అందగానే చాపుకుని ఎదురుగా ఉన్నదాన్ని ఒక గడి తోసేది). వెనకది ముందుదాన్ని తోయాలి, ఆ తర్వాత ముందుది రాయిని తోయాలి. పదిసార్లు మీట నొక్కినా రాయి ఒక్క గడే కదిలింది. విసుగొచ్చి అంతా పగలగొట్టబోయాడు.

‘ఆగు నాన్నా, ముందు లోకాన్ని ఆపు’ అన్నాను. ‘టిక్ ఫ్రీజ్’ కొట్టాడు. మేఘాలు మొదలు గొర్రెల దాకా ఏవి ఎక్కడున్నాయో సరిగా గుర్తులేదు గానీ, ఎదురుగా ఎగురుతున్న కోడి గాల్లోనే ఆగిపోవడం మాత్రం ఇద్దరం చూశాం. ఆటగాడు ఒక్కడే కదలగలడు. మీట నొక్కి, ‘టిక్ స్టెప్’ అంటూ ఒక్కో టిక్ నడిపించాడు.

ముందున్న పిస్టన్ చాపుకుంది. ఇంకో రెండు టిక్‌లు నడిపాక గానీ వెనకదానికి సిగ్నల్ చేరలేదు, చేరినా అది కదల్లేదు. చాపుకున్న పిస్టన్‌ని ఇంకోటి తోయలేదు, అది ఆ లోకం నియమం. సిగ్నల్‌ని కనీసం 2 టిక్‌లు ఆలస్యం చేసే రిపీటర్‌ని వాడు కట్టేటప్పుడే పొరపాటున వెనక పిస్టన్‌కి వెళ్లే తీగ మీద పెట్టేశాడు. సెకనులో పదో వంతు తేడా, మామూలు వేగంలో రెండూ ఒకేసారి కొట్టినట్టే ఉంటుంది.

ఏమీ అనకుండా రిపీటర్‌ని తీసి ముందుదాని తీగ మీద పెట్టాడు, దాని ఆలస్యం ఒక మెట్టు పెంచాడు. ఫ్రీజ్ తీయలేదు. మళ్లీ ఒక్కో టిక్, వేళ్ల మీద లెక్కపెడుతూ. వెనకది ముందుదాన్ని తోసింది. ముందుది రాయిని తోసింది. రాయి రెండో గడిలోకి చేరాకే కోడిని కిందకి దిగనిచ్చాడు.