జెమ్ బిల్లులు ఎక్కడ ఆగుతున్నాయి?
ప్రభుత్వ ఆఫీసులకు జెమ్ పోర్టల్‌లో (గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, అంటే ప్రభుత్వ శాఖలు సరుకు కొనే ఆన్‌లైన్ బజారులో) సరుకు అమ్మిన చిన్న సప్లయర్ల బకాయిల గొడవ మళ్లీ పైకి వచ్చింది. పోర్టల్‌ను కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో పెట్టింది. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2017.

ఆ ఏడాది వచ్చిన కొత్త సాధారణ ఆర్థిక నియమావళిలోని 149వ నిబంధన, జెమ్‌లో దొరికే వస్తువులూ సేవలూ కేంద్ర శాఖలు అక్కడే కొనాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 31న కేంద్రం పాత కొనుగోళ్ల సంస్థ డీజీఎస్ అండ్ డీ మూతపడింది. అందరూ మొదటి సంగతే చెబుతారు. నా దృష్టిలో అసలు మలుపు రెండోది. ముందే ధర ఖాయం చేసి ఉంచే డీజీఎస్ అండ్ డీ రేట్ కాంట్రాక్టుల్లో లోపాలు తక్కువేం కాదు. అయినా సరుకు పంపకముందే చూసి సర్టిఫై చేసే తనిఖీ విభాగం దానికి ఉండేది. జెమ్‌లో ఆ బరువు చాలావరకు సరుకు దించుకునే కన్సైనీ మీద పడింది.

ఒక ఆర్డర్ సంగతే చూడండి. కుర్చీల వ్యాన్ వచ్చి ఆఫీసు ముందు ఆగుతుంది. స్టోర్ కీపర్ లెక్కపెట్టుకుని చలానా మీద స్టాంపు వేస్తాడు. 48 గంటల్లో పోర్టల్‌లో తాత్కాలిక రసీదు రావాలి. పది రోజుల్లో అంగీకార పత్రం రావాలి. సప్లయర్లు దాన్ని ‘క్రాక్’ అంటారు. అది వచ్చిన పది రోజుల్లో డబ్బు పడాలి. కాగితం మీద ఇంత చక్కగా ఉంటుంది. కానీ కన్సైనీ సెలవులో ఉంటాడు, లేదా బదిలీ అయిపోతాడు, కొత్తగా వచ్చినాయనకు ఇంకా లాగిన్ ఉండదు. ఎలాగోలా క్రాక్ వస్తే, ‘బడ్జెట్ రిలీజ్ కాలేదండీ, వచ్చే నెల రండి’ అంటారు. ఈలోగా సప్లయర్ ముడిసరుకుకూ ట్రాన్స్‌పోర్టుకూ కట్టేసి ఉంటాడు. చేతికి రూపాయి రాకపోయినా ఆ ఇన్‌వాయిస్ మీద జీఎస్టీ కట్టక తప్పదు. 2019లో 5 లక్షల రూపాయలు దాటిన కొనుగోళ్లకు బిడ్డింగో రివర్స్ ఆక్షనో (అమ్మేవాళ్లు పోటీపడి రేటు తగ్గించుకుంటూ పోయే వేలం) తప్పనిసరి చేశారు. ఎల్1 (అందరికన్నా తక్కువ రేటు వేసినవాడు) కావడం కోసం రేటు తెగ్గోసుకున్నవాడికి మూడు నెలల జాప్యం అంటే లాభం మొత్తం వడ్డీలకే పోవడం.

పోర్టల్‌లో ధరలు తగ్గాయని, పారదర్శకత పెరిగిందని, చిన్న సంస్థలకు దారి దొరికిందని ప్రభుత్వం చెబుతోంది. 2016-17లో 422 కోట్లున్న వ్యాపారం 2024-25లో 5 లక్షల కోట్లు దాటింది. నిజమే. అయితే అది ఆర్డర్ల విలువ. అందులో ఎంత సొమ్ము గడువులోగా సప్లయర్ ఖాతాలో పడిందన్నది వేరే లెక్క.

జాప్యం సంగతి కేంద్రానికి తెలియక కాదు. క్రాక్ వచ్చాక పది రోజులు దాటితే కొన్న శాఖ నెలకు 1 శాతం వడ్డీ కట్టాలని ఆర్థిక శాఖ 2020లో ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబరు 1 నుంచి అమలన్నారు. కానీ ఆ వడ్డీ వెళ్లేది జెమ్ నిర్వహించే ఖాతాకు. నష్టపోయిన సప్లయర్‌కు అందులో పైసా రాలేదు. ఆ ఉత్తర్వు చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

దానికన్నా 14 ఏళ్ల ముందే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, అదీ నేరుగా సప్లయర్‌కే ఇవ్వాలంది. అది రావాలంటే ఇలాంటి బకాయిల గొడవలు విచారించే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో సరుకు కొన్న ఆఫీసు మీదే సప్లయర్ కేసు వేయాలి. వచ్చే ఏడాది ఇతని బిడ్ తెరిచి చూసేదీ ఆ ఆఫీసే. అందుకే చాలామంది ఫైలు పట్టుకుని మళ్లీ ఆ స్టోర్ కీపర్ దగ్గరికే వెళుతున్నారు.