ఐవీఎఫ్ కవలల మాయ: అపోహలు, వాస్తవాలు

విశాఖలో మా స్కాన్ గదికి వచ్చే ఐవీఎఫ్ దంపతులు ముందు గుండె చప్పుడు అడుగుతారు, తర్వాత బరువు. కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం, ఆక్సిజన్ అందించే మాయ (ప్లాసెంటా) సంగతి అడిగేవాళ్లు తక్కువ. కవలలైతే నేను మొదట చూసేది మాత్రం అదే.

అపోహ: రెండు పిండాలు పెట్టారు కాబట్టి మాయలూ రెండే.

వాస్తవం: చాలావరకు అంతే. కానీ ఒక్క పిండం పెట్టినా అది రెండుగా చీలి కవలలు కావచ్చు. ల్యాబులో అయిదు రోజులు పెంచిన పిండం (బ్లాస్టోసిస్ట్) పెట్టినప్పుడు ఇది కాస్త ఎక్కువ. అలాంటప్పుడు చాలాసార్లు మాయ ఒక్కటే ఉంటుంది. రెండు పెడితే ఒకటి నిలవక, నిలిచినది చీలడమూ ఉంది. అందుకే ఎన్ని పిండాలు పెట్టారో రాసిన ట్రాన్స్‌ఫర్ కాగితం కాదు, 11-14 వారాల స్కానే తేల్చాలి. పిల్లల మధ్య పొర మాయను కలిసే చోట ముక్కోణంలా పైకి పొడుచుకొస్తే మాయలు రెండు. పలచని పొర తిన్నగా వచ్చి తగిలితే ఒకటే. నెలలు గడిచేకొద్దీ ఆ ముక్కోణం చెరిగిపోవచ్చు. రిపోర్టుతో పాటు ఆ మొదటి స్కాన్ ఫిల్మూ దాచుకోండి.

అపోహ: "మాయ ఒకటేనటండీ, ఇద్దరికీ తిండి సరిపోద్దా?" అత్తగార్ల ప్రశ్న ఇది.

వాస్తవం: తిండి కన్నా పెద్ద చిక్కు రక్తనాళాలది. మాయ ఒకటైతే ఇద్దరి నాళాలూ అందులో కలిసి ఉంటాయి. నూటికి 10-15 జంటల్లో రక్తం ఒకవైపే ఎక్కువగా వెళ్లి, ఒకరి చుట్టూ ఉమ్మనీరు తగ్గుతుంది, ఇంకొకరి చుట్టూ పెరిగిపోతుంది. తల్లి ఎంత తిన్నా ఇది మారదు. 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్‌కు రమ్మనేది అందుకే. పాడేరు నుంచో పలాస నుంచో రావడం కష్టమే. అయినా వాయిదా వేయొద్దు. పొట్ట ఉన్నట్టుండి బిగుసుకుని పెరిగితే తర్వాతి తేదీ దాకా ఆగొద్దు.

అపోహ: ఐవీఎఫ్ మాయ బలహీనం.

వాస్తవం: ఎక్కువమందిలో మామూలుగానే పనిచేస్తుంది. అయితే మాయ గర్భాశయంలో కిందికి, ముఖద్వారం దగ్గరగా ఉండటం, బొడ్డుతాడు మాయకు కాకుండా పొరలకు అతుక్కోవడం వీళ్లలో ఎక్కువ. పొరల మీది నాళాలు గర్భాశయ ముఖద్వారం మీదుగా పోతుంటే, ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు అవి తెగవచ్చు. అప్పుడు పోయేది బిడ్డ రక్తం. ముందే తెలిస్తే నొప్పులు రాకముందే సిజేరియన్ చేస్తారు. "కలర్ డాప్లర్‌తో (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే స్కాన్) తాడు ఎక్కడ అతుక్కుందో చూశారా?" అని అడగడానికి మొహమాటం వద్దు.

అపోహ: మాయ కిందికి ఉంటే మంచం దిగకూడదు.

వాస్తవం: 20 వారాలప్పుడు కిందికి ఉన్న మాయ చాలామందిలో తర్వాత తనంతట తానే పైకి జరుగుతుంది. పడుకున్నందుకు కాదు. అస్తమానం పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా. డాక్టర్ వద్దనకపోతే బీచ్ రోడ్డులో నెమ్మదిగా నడవొచ్చు. 32వ వారంలో మళ్లీ చూస్తాం. ఈలోపు రక్తం కనిపిస్తే మాత్రం, చుక్కయినా సరే, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి బయల్దేరండి.