సిగ్నల్ అంకెకు పేరు: పాత పట్టిక ఎందుకు పోయింది

హనుమకొండ, వరంగల్ కళాశాలల ల్యాబుల్లో లినక్స్ రకమైన ఉబుంటు 20.04 తీసి 22.04 వేసుకున్నచోట, సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చిన పాత సీ ప్రోగ్రాములలో సిగ్నల్ అంకెలకు పేర్లు చూపే ‘సిస్_సిగ్‌లిస్ట్’ పట్టికను వాడినవి కంపైల్ దగ్గరే ఆగిపోతాయి. తప్పు విద్యార్థిది కాదు. లినక్స్‌లోని సీ లైబ్రరీ ‘గ్లిబ్‌సీ’ ఆ పట్టికను వెనక్కి తీసుకుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నెల్ ఒక ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామును) సిగ్నల్‌తో, అంటే ఒక అంకెతో గుర్తించే సూచనతో, ముగించినప్పుడు, దాన్ని పుట్టించిన ప్రాసెస్‌కు అందేది అంకె మాత్రమే. ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న మాటను తెరపై చూపేది మన ఆదేశాలను అందుకునే షెల్. ఎగ్జిట్ కోడ్ 139 వస్తే, 128 తీసేయగా మిగిలే 11 సిగ్‌సెగ్వీ, అంటే ఆ సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నలే అన్నమాట. ఈ అంకెలైనా అన్నిచోట్లా ఒకటి కావు: సిగ్‌యూజర్1 అనే సిగ్నల్ ఇంటెల్ లినక్స్‌లో 10, మ్యాక్‌లో 30; మ్యాక్‌లో 10 అంటే సిగ్‌బస్ అనే వేరే సిగ్నల్. కాబట్టి పట్టికను ఎవరికి వారు రాసుకోవడం ప్రమాదమే. పేర్లనూ పూర్తిగా నమ్మలేం; పూర్ణాంకాన్ని సున్నాతో భాగించినా లినక్స్ ‘ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్’ అంటుంది.

పేరును ముద్రించే ‘పీసిగ్నల్’ ఫంక్షన్ 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో వచ్చింది. 1989 సీ ప్రమాణం ఆరు సిగ్నళ్లను మాత్రమే పేర్కొని, ఎర్రర్ అంకెలకు ‘స్ట్రెర్రర్’ ఇచ్చింది గానీ సిగ్నళ్లకు అలాంటిది ఇవ్వలేదు. సిగ్నల్ అంకెకు తగిన సందేశాన్ని ఇచ్చే ‘స్ట్ర్‌సిగ్నల్’ యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పాజిక్స్‌లో చేరడానికి 2008 దాకా పట్టింది. ఈలోగా చాలామంది నేరుగా సిస్_సిగ్‌లిస్ట్ అర్రేనే చదువుకున్నారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. లైబ్రరీలోని అర్రేను ప్రోగ్రామ్ నేరుగా వాడుకుంటే, లింక్ చేసిన నాటి దాని పరిమాణం ఎగ్జిక్యూటబుల్‌లో స్థిరపడిపోతుంది. తర్వాత అర్రే పెరిగితే పాత ప్రోగ్రాముల కోసం పాత రూపాన్నీ లైబ్రరీ మోయవలసి వస్తుంది. పైగా హద్దు దాటిన అంకె ఇస్తే అడ్డుకునేవారుండరు. 2020 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.32 ఆ అర్రేను కొత్తగా లింక్ చేసేవాటికి అందకుండా చేసింది. ముందే కంపైలైనవి మాత్రం ఇప్పటికీ నడుస్తాయి.

సాధారణ ప్రోగ్రాముకు స్ట్ర్‌సిగ్నల్ సరిపోతుంది, అది లొకేల్ (వాడుకరి ఎంచుకున్న భాషా అమరిక) భాషను బట్టి సందేశమిస్తుంది. సిగ్నల్ అందగానే నడిచే ఫంక్షన్ అయిన సిగ్నల్ హ్యాండ్లర్ లోపల మాత్రం దాన్ని పిలవకూడదు. అక్కడ అదే గ్లిబ్‌సీ 2.32 తెచ్చిన ‘సిగ్‌అబ్రెవ్_ఎన్‌పీ’, ‘సిగ్‌డిస్క్ర్_ఎన్‌పీ’ పనికొస్తాయి. అవి గ్లిబ్‌సీ సొంతం గనుక, ఇతర వ్యవస్థల మీదా నడవాలనుకునేవారికి సొలారిస్ అనే యూనిక్స్‌లో ఎప్పటినుంచో ఉన్న ‘సిగ్2ఎస్‌టీఆర్’ను 2024 పాజిక్స్ ప్రమాణంలో చేర్చారు.