శాలిమార్ మండపానికి నీళ్లు ఎక్కడ తెగాయి?

లాహోర్‌లో రోడ్డో రైలో శాలిమార్ తోట పక్కకు వచ్చినప్పుడల్లా వాదన 200 అడుగుల దగ్గరే ఆగుతుంది. రక్షిత కట్టడానికి అంత దూరంలోపు కొత్త నిర్మాణం కూడదని పాకిస్తాన్ 1975 పురావస్తు చట్టం చెబుతోంది. షాజహాన్ కాలపు వైభవం, ఆ తర్వాత మండపాల పాలరాయి ఊడబెరకడం తెలిసిన కథే. నేటి గొడవ అర్థం కావాలంటే 1999 జూన్‌కు వెళ్లాలి.

గ్రాండ్ ట్రంక్ రోడ్డు వెడల్పు కోసం దక్షిణపు గోడ బయట ఉన్న మూడు నీటి కట్టడాల్లో రెండింటిని అప్పుడు కూల్చేశారు. ట్రాఫిక్ పెరిగిందన్నది రోడ్డు పక్షం మాట. తోటలోని 410 ఫౌంటెన్లకు ఊపిరి మాత్రం ఆ కట్టడాలే. రావి నది నుంచి 160 కిలోమీటర్లకు పైగా కాలువలో వచ్చిన నీటిని అక్కడ ఎత్తైన తొట్లలోకి తోడేవారు. ఆ ఎత్తే నీటికి ఒత్తిడినిచ్చేది. అక్కడి నుంచి కాల్చిన మట్టి గొట్టాల్లో నీరు తోటలోకి దిగేది.

సావన్ భాదోం మండపాన్ని చూస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. తోట మూడు మెట్లుగా ఉంటుంది, ఒక్కో మెట్టుకూ 4-5 మీటర్ల తేడా. మధ్య మెట్టు కింది మెట్టుకు దిగేచోట ఈ మండపం ఉంది. గోడల్లో వరసగా గూళ్లు, వాటిలో రాత్రి దీపాలు, పగలు పూలు, ముందు పలచటి నీటి తెర. నీరు అంచు దాటి ముందుకు దూకితేనే గూడు పొడిగా ఉంటుంది. ప్రవాహం తగ్గితే గోడనే పట్టుకుని జారుతుంది. అప్పుడు గూళ్లు తడుస్తాయి, సున్నం ఊడుతుంది, ఆరినచోట ఉప్పు పొంగి గార పెచ్చులు లేస్తాయి. మోటారు పెట్టినా తెర అంతటా సమంగా పడేలా ప్రవాహాన్ని సరిచూడాల్సిందే.

2000లో యునెస్కో లాహోర్ కోటతో కలిపి ఈ తోటను ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది, 2012లో తీసేసింది. లాహోర్ మెట్రో రైలు మార్గమైన ఆరెంజ్ లైన్ పనులు మొదలయ్యాక 2016 ఆగస్టులో హైకోర్టు 200 అడుగుల లోపు పనులు ఆపింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు షరతులతో అనుమతిచ్చింది, 2020 అక్టోబరులో రైళ్లు నడిచాయి. కోర్టుల్లో వాదన ఎక్కువగా రైలు కంపనం, తోట కనపడకుండా అడ్డు రావడం చుట్టూనే తిరిగింది. నీటి దారి సంగతి పక్కకు పోయింది. మిగిలిన ఒక్క నీటి కట్టడం శిథిలంగా గోడ బయటే ఉంది. 200 అడుగులు కొలవాల్సింది తోట గోడ నుంచి కాదు, దాని నుంచి.